కార్బొరేటర్ కడిగిన ఆదివారం

2004 మార్చి 14, ఆదివారం, ఉదయం ఏడు గంటల నలభై నిమిషాలు. మా చేని బావి దరిన పరిచిన యూరియా సంచి మీద నా కొడుకు బాల్రాజు కిరసనాయిలు ఇంజను కార్బొరేటర్ విప్పాడు. ఇదంతా అప్పుడు మొదలైంది. మొన్న కుట్టుసామాను డబ్బా సర్దుతుంటే, బొత్తాల అడుగున, ఆ కార్బొరేటర్‌లోని జెట్టు దొరికింది. వేరుశనగ గింజంత ఇత్తడి ముక్క. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇన్నేళ్లకూ అదే కిరసనాయిలు వాసన.

నేను రాస్తున్నది నా చిన్నతనం కాదు, నా మనవరాలు సరితది. అప్పుడామెకు ఎనిమిదేళ్ల రెండు నెలలు. ఆమెకు గుర్తున్నది కొంచెం, నాకు తేదీలతో సహా గుర్తుంది.

వానలు సరిగా లేక మూడో ఎండాకాలం అది. శ్రీరంగాపూర్ చెరువు నీళ్లు వెనక్కి పోయి, పగుళ్లిచ్చిన ఒండ్రు మీద పిల్లలు గీతలు గీసి తొక్కుడుబిళ్ల ఆడేవాళ్లు. ఇంటింటా కొత్త చింతపండు గింజ తీస్తుండేవారు. ఆ పులుపు వాసన, జొన్నరొట్టె కాలే వాసన, చేనికి పోతే కిరసనాయిలు వాసన, ఇవే సరిత చిన్నతనం. కోడలు రెండో కాన్పుకు కల్వకుర్తిలో తల్లిగారింటికి పోయింది కనుక పొద్దున్నే రొట్టె, పల్లికారం మూటగట్టుకుని మేం ముగ్గురమే చేనికి పోయేవాళ్లం.

బావిలో నీళ్లు అడుగంటాయి. దరి మీద నుంచి ఇంజను నీళ్లు గుంజలేకపోతే, దాన్ని తాళ్లతో దింపి, మూడు నిలువుల లోతున గోడలోంచి పొడుచుకొచ్చిన బండ మీద కూర్చోబెట్టారు. బావిలో పొగ పడితే మనిషి నిలబడలేడు. అందుకే ఇంజను అందుకున్న వెంటనే పైకి రావాలి, వచ్చేదాకా దరిన ఒకరు కూర్చుని పిలుస్తుండాలి. ఆ పని సరితది. కచ్చకాయలు ఎగరేసుకుంటూ, పది ఎగరేతలకోసారి "నాయినా" అనేది. కింద నుంచి "ఓ" అని వచ్చేది. అది వాళ్లకు ఆట. నేను మాత్రం ప్రతి "ఓ" లెక్కపెట్టుకునేదాన్ని.

ఇంజనును పెట్రోలుతో మొదలుపెట్టి, వేడెక్కాక కిరసనాయిలుకు తిప్పి, ఆపేముందు మళ్లీ పెట్రోలు మీద నడపాలి. లేకపోతే కిరసనాయిలు కార్బొరేటర్‌లో నిలిచి మడ్డి కడుతుంది. శనివారం పెట్రోలు అయిపోయి బాల్రాజు అట్లనే ఆపేశాడు. ఆదివారం కొత్త పెట్రోలు పోసి ఇరవై రెండుసార్లు తాడు గుంజినా ఇంజను అందుకోలేదు.

కార్బొరేటర్‌ను పైకి తెచ్చి, నా పాత గద్వాల చీర పేలికతో పెట్రోలు వడపోసి, పళ్లెంలో కడిగాం. నూనె ఇంజనులోకి పోయేది జెట్టులోంచే, దానికి వెంట్రుక దూరేంత సన్నటి రంధ్రం ఉంటుంది. దాన్ని చీపురుపుల్ల కొసతోనే తీయాలని బాల్రాజు నియమం. ఇనుము తగిలితే రంధ్రం పెద్దదవుతుంది, నూనె ఎక్కువ పోయి పొగ లేస్తుంది. శుభ్రమైందో లేదో చూడటం సరిత వంతు. జెట్టును కంటికి పెట్టుకుని ఆకాశం వైపు తిప్పి, "సూర్యుడు కనబడ్డడు" అంటే అయిపోయినట్టు.

ఆ రోజు కనబడలేదు. రెండు పుల్లలు లోపలే విరిగాయి. బాల్రాజు తొట్టి దగ్గర ఇంజను నూనె టాంకీ కడుగుతున్నాడు. వరి పొట్ట మీద ఉంది, చివరి మడులకు నాలుగు రోజులుగా తడి లేదు. నా జాకెట్టుకు గుచ్చుకున్న సూది తీశాను.

"సూది పెట్టొద్దన్నడు గదవ్వా నాయిన."

"మీ నాయినను కన్నదే నేను. జర సప్పుడు జెయ్యకుండ కూసో."

సూదితో పొడిస్తే విరిగిన పుల్లలు బయటికి వచ్చాయి. సరిత చూసి ఎప్పటి మాట అనలేదు. "గింత పెద్దగ కనబడ్తుండేంది?" అంది. నేను జెట్టు లాక్కుని కొడుక్కిచ్చాను.

బాల్రాజు బావిలోకి దిగి కార్బొరేటర్ బిగించి తాడు గుంజితే, ఎనిమిదీ యాభై అయిదుకు ఇంజను అందుకుంది. నీళ్లు ఎగజిమ్ముకుంటూ దరి మీది తొట్టిలో పడ్డాయి. పొగ మాత్రం నల్లగా వచ్చింది, ఇంజను ఎగిరెగిరి పడుతోంది.

"పైకి రా బిడ్డా, పొగొస్తుంది" అని అరిచాను.

"ఇది నూనె బాగ తాగుతుందమ్మా. స్క్రూ జర తిప్పి వస్త."

సరిత పిలిచింది. "ఓ" అన్నాడు. మళ్లీ పిలిచింది, ఈసారి "ఓ" సన్నగా వచ్చింది. మూడోసారి రాలేదు. వంగి చూస్తే పంపు మీద తల ఆనించి, నిద్రపోయినట్టున్నాడు.

నేను తేరుకునేలోపు సరిత రెండు మెట్లు దిగింది. జడ పట్టి గుంజాను. ఎర్ర రిబ్బను ఊడి బావిలో పడింది.

"ఇడ్సవ్వా, నాయిన పల్కుతలేడు."

"దిగితే నువ్వు గూడ పల్కవు. ఉరుకు, కుర్మయ్యను తాడు పట్టుకోని రమ్మను."

కుర్మయ్య మా పక్క చేని రైతు. పిల్ల ఉరికింది. కొడుకు లోపల ఉండగా నేను దిగకుండా నిలబడ్డాను. తొట్టిలో నీళ్లు బకెట్‌తో ముంచి ఇంజను మీద గుమ్మరించాను. భయమేస్తే నేను లెక్కపెడతాను. పదకొండో బకెట్‌కు ఇంజను ఆగింది. అప్పుడు పుట్టిన నిశ్శబ్దం, అంతకుముందున్న మోతకంటే ఎక్కువ భయపెట్టింది.

కుర్మయ్య, అతని ఇద్దరు తమ్ముళ్లు వచ్చారు. "ముందు గాలి కలుపుదం పెద్దమ్మా" అని, కానుగ కొమ్మలు విరిచి తాడుకు కట్టి బావిలోకి దింపుతూ లేపుతూ ఉన్నారు. నలభైసార్లు. ఒక్కోసారీ నాకు కుర్మయ్యను తిట్టాలనిపించింది, కాళ్లు పట్టుకోవాలనిపించింది. తర్వాత అతను నడుముకు తాడు కట్టుకుని దిగాడు. బాల్రాజును ఇంకో తాడుకు కట్టి తమ్ముళ్లు పైకి గుంజారు.

కానుగ నీడన పడుకోబెట్టాం. పెదాలు, చెంపలు వింత ఎరుపు. సరిత చెవి దగ్గర కూర్చుని పిలవడం మొదలుపెట్టింది. నేను పద్దెనిమిది పిలుపులు లెక్కపెట్టాను.

పంతొమ్మిదో పిలుపుకు "ఓ" అన్నాడు. అప్పుడు పది గంటల అయిదు నిమిషాలు.

కుర్మయ్య చెమట తుడుచుకుని, "పండనీకె గింత సల్లటి జాగ ఎట్ల దొరికింది తమ్మీ?" అన్నాడు. తర్వాత అతనే ఏడ్చాడు.

వనపర్తి దవాఖానలో మూడు రోజులున్నాం. అందరూ రేషను కిరసనాయిలు మంచిది కాదన్నారు. నేను కాదనలేదు. సరితకు తెలుసు, చెప్పలేదు. చన్నీళ్లకు పగిలిన ఇంజనును పాత ఇనుముకు వేసేముందు జెట్టును నేనే విప్పి దాచాను. సూది మాట ఇప్పుడే మొదటిసారి రాస్తున్నాను.

ఆ తర్వాత తండ్రి కొట్టంలో ఉన్నా, పెరట్లో ఉన్నా, ఆ పిల్ల చదువుతున్నదల్లా ఆగి "నాయినా" అని పిలిచేది. అతను "ఓ" అంటేనే పుస్తకంలోకి తల వంచేది. అయిదేళ్లు పిలిచింది. 2009 జూన్‌లో హాస్టల్‌కు పోయింది. సెలవులకు వచ్చినప్పుడు పిలవలేదు. బాల్రాజు రెండు మూడుసార్లు ఊరికే "ఓ" అనడం నేను విన్నాను.

ఇప్పుడు బోరుకు కరెంటు మోటారు ఉంది. బావిలో కంప పెరిగింది. మొన్న జెట్టును కంటికి పెట్టి ఆకాశం వైపు తిప్పాను. ఆపరేషనైన కంటికీ తెలిసింది, రంధ్రం ఉండాల్సిన దానికంటే పెద్దది.

పోయినవి: అరెకరం వరి, ఇంజను ఒకటి, ఎర్ర రిబ్బను ఒకటి, అయిదేళ్ల తర్వాత ఆ పిలుపు. మనిషి పోలేదు. సూది డబ్బాలోనే ఉంది.