కొబ్బరి మట్ట పట్టే పొయ్యి

గత మంగళవారం మా మేనత్త కన్నుమూసింది. నేను బడిలో పాఠం చెబుతుండగా నాన్న ఫోను చేశారు. "అత్త ఇక లేదమ్మా" అని పెట్టేశారు. రాజోలు నుంచి బస్సు పట్టుకుని కొత్తపేట దగ్గరున్న మా ఊరు చేరేసరికి వాకిలంతా జనం.

వాళ్ళలో దూరపు చుట్టం ఒకావిడ అంది: "పాపం, ఆ మట్టి పొయ్యిలంటూ ఊళ్ళు పట్టుకు తిరిగింది. ఇప్పుడందరికీ గ్యాసొచ్చేసింది. ఒక్క పొయ్యైనా మిగిలిందా?"

ఆ మాటకు జవాబు ఇప్పుడు రాస్తున్నాను.

ముప్ఫై ఏళ్ళకే భర్త పోయి, పిల్లలు లేక, అత్త మా ఇంటికి వచ్చేసింది. మా దొడ్లోనే చిన్న పాక వేసుకుని ఉండేది. మా వంటిల్లు అప్పట్లో తాటాకుల చావడి. మధ్యాహ్నం పన్నెండింటికి కూడా లోపల మనిషి సరిగ్గా కనిపించేది కాదు, అంత పొగ. నాయనమ్మకు ఆయాసం ముదిరితే అమలాపురం తీసుకెళ్ళారు. నేనూ వెంట వెళ్ళాను. డాక్టరుగారు ఊపిరితిత్తుల ఫిలిం వెలుతురుకు పెట్టి చూసి, "ఈవిడ చుట్టలు కాలుస్తారా?" అని అడిగారు.

"లేదండి," అంది అత్త. "నలభై ఏళ్ళు వంట చేసిందండి."

నాయనమ్మ ఆ ఏడే పోయింది. మరుసటి వానాకాలానికి మా అమ్మకు దగ్గు మొదలైంది. అదే దగ్గు. అత్త ఆ చప్పుడు వింటూ కూర్చునేది కాదు, లేచి బయటికి వెళ్ళిపోయేది.

తొంభైల మొదట్లో మండలాఫీసు వాళ్ళు పొగలేని పొయ్యిలు కట్టడం నేర్పుతామంటే ఊరి నుంచి వెళ్ళింది అత్త ఒక్కతే. పది రోజులు నేర్చుకుని ఇనప అచ్చు, పొగ పోయే సిమెంటు గొట్టాలు పట్టుకొచ్చింది. మొదటి పొయ్యి మా ఇంట్లోనే. కప్పుకు చిల్లు పెడతానంటే నాన్న ఒప్పుకోలేదు.

"ఇంటికి చిల్లేంటే? వాన కురుస్తుంది."

"వాన పడితే గిన్నె పెట్టుకుందాం అన్నయ్యా. వదిన ఊపిరికి ఏం పెడదాం?"

నాన్న ఆ రోజు అన్నం సగంలో లేచిపోయారు. మర్నాడు ఆయన పొలానికి వెళ్ళగానే అత్త కప్పెక్కింది.

నెల తిరక్కుండా మా అమ్మే ఆ పొయ్యి మూతిని గునపంతో పగలగొట్టింది. మా వైపు పొయ్యిలోకి పెట్టేది కొబ్బరి మట్టలు, పీచు డొక్కలు. ఆ పొయ్యి నోరేమో సన్న కట్టెలకు చేసింది. ఒక్కో మట్టనూ నాలుగు చీలికలు చేస్తే తప్ప పట్టదు. ఇంటెడు చాకిరీ మధ్య అమ్మ అన్ని మట్టలు ఎక్కడ చీల్చుకుంటుంది? అత్తకు మొహం చూపించలేక అమ్మ గుమ్మంలో నిలబడింది. అత్త పగిలిన మూతిని వేళ్ళతో తడిమి చూసి అంది:

"నువ్వు పగలగొట్టలేదు వదినా. కొలతేసేవు."

ఆ మధ్యాహ్నమే ఒక ఎండు మట్ట తెచ్చి, దాని మొదలుకు సరిపోయేలా పొయ్యి నోరు మళ్ళీ కట్టింది. మట్టిలో ఊక, పేడ ఎంతెంత కలపాలో తనే చూసుకుంది. ఇంకో పది ఇళ్ళలో అలాగే కట్టింది. అప్పుడు తనిఖీకి మండలాఫీసు నుంచి ఒకాయన వచ్చారు.

"డిజైను మార్చకూడదమ్మా. కొలతలు పైనుంచి వచ్చేయి."

"ఆయ్. మట్టలూ పైనుంచే వస్తాయండి, చెట్టు మీంచి. వాటి కొలత వేరండి."

ఆయనకు కోపమొచ్చింది. అత్త పీట వాల్చి, తన పాకలో ఆఫీసు కొలతతో కట్టుకున్న పొయ్యి ముందు కూర్చోబెట్టింది. "మీరే ముట్టించండి. కాఫీ పెట్టుకుని తాగి వెళ్దురుగాని." చేతికి ఒక మట్ట ఇచ్చింది. అది సగం లోపలికి దూరి ఇరుక్కుంది. పొగంతా ఆయన మొహానికే కొట్టింది. కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చి వెళ్ళిపోయారు. తర్వాత నుంచి అత్తకు గొట్టాలు రావడం ఆగిపోయింది, పొయ్యిలు కట్టేవాళ్ళ జాబితాలోంచి పేరూ పోయింది.

నోరు మూసుకుని ఊరుకోవే అన్నారు నాన్న. "నోరు మూసుకుంటే పొగ ముక్కులోంచి పోతుంది అన్నయ్యా," అంది అత్త. కుమ్మరాయన దగ్గరికి వెళ్ళి అడుగు లేని కుండలు చేయించి, ఒకదాని మీద ఒకటి పెట్టి మట్టితో అతికించింది. అదే గొట్టం. ఊళ్ళో ఆరుగురు ఆడవాళ్ళకు పని నేర్పింది. వాళ్ళు తలో వీధీ పంచుకున్నారు.

ఒక వేసవిలో, గొట్టంలోంచి నిప్పురవ్వ ఎగిరి ఒకరి పాక కప్పు అంటుకుంది. బిందెలతో ఆర్పేశారు, ఎవరికీ ఏం కాలేదు. కానీ పెద్దమనుషులు వచ్చి పొయ్యిలన్నీ తీసేయాలన్నారు. నలభై దాటిన మా అత్త, కొంగు దోపుకుని నిచ్చెనెక్కి ఆ గొట్టంలోకి చెయ్యి పెట్టింది. భుజం దాకా మసి. నెలల తరబడి ఎవరూ తుడవలేదు.

"తప్పు నాదేనండి," అంది నిచ్చెన మీంచే, అందరికీ వినపడేలా. "కట్టడం నేర్పేను గానీ తుడవడం నేర్పలేదు. రేపట్నుంచి ప్రతి ఇంటికీ నేనే వస్తాను. పొయ్యిలు మాత్రం తియ్యనండి."

"తియ్యకపోతే?" అన్నారొకరు.

"మీ ఇంట్లో వంట వారం రోజులు మీరే చెయ్యండి. అప్పుడూ తియ్యమంటే తీసేస్తాను."

వెనకున్న ఆడవాళ్ళలో ఎవరో నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. పెద్దమనుషులు వెళ్ళిపోయారు. మర్నాడు పొద్దున్నే, కప్పు అంటుకోకుండా గొట్టాల చుట్టూ వెయ్యడానికి రేకు కత్తిరిస్తూ మా నాన్న వాకిట్లో కూర్చున్నారు. అత్త చెప్పినట్టే, వెదురు కర్రకు గోనె ముక్క చుట్టుకుని ఏళ్ళ తరబడి ఇంటింటికీ తిరిగింది.

గ్యాసొచ్చింది నిజమే. ఆ పొయ్యిలు పోయిందీ నిజమే. కానీ గ్యాసు రావడానికి ముందు పదేళ్ళు మా అమ్మ ఊపిరి పీల్చింది. ఆ పదేళ్ళు ఎవరిచ్చారు? మా అమ్మ ఈరోజు అత్త కోసం గొంతెత్తి ఏడవగలుగుతోందంటే ఆ గొంతు ఎలా మిగిలింది? ఏం మిగిలిందని అడిగేవాళ్ళు మా అమ్మను చూడండి.

అత్తకే మిగల్లేదు. పొయ్యిలు నేర్చుకునే నాటికే ఆమె లోపల చేరాల్సిన పొగ చేరిపోయింది. చివరి ఏళ్ళలో నాలుగడుగులకు ఒకసారి ఆగేది. అయినా రెండేళ్ళ కిందట నా దగ్గర ఉందామని రాజోలు వచ్చినప్పుడు, మా బడి చూస్తానని ఆటోలో వచ్చింది. మధ్యాహ్నం భోజనం వండే రేకుల షెడ్డులో వంటమ్మాయి కట్టెల పొగకు దగ్గుతూ, కళ్ళు మూసుకుని పప్పు కలుపుతోంది. అత్త తిన్నగా హెడ్మాస్టారి దగ్గరికి వెళ్ళి, గొట్టం పెట్టి పొయ్యి కడతానంది.

"షెడ్డులో మార్పులకి పర్మిషన్ కావాలండి," అన్నారాయన.

"ఆ పిల్ల దగ్గడానికి పర్మిషన్ ఇచ్చేరాండి?"

హెడ్మాస్టారు "ఆదివారం రండి," అన్నారు.

ఆదివారం అత్త స్టూలు మీద కూర్చుంది. మట్టి తొక్కే శక్తి లేదు. వంటమ్మాయి తొక్కింది, నేను నీళ్ళు పోశాను. కానీ పొయ్యి నోరు దిద్దే దగ్గర ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. కిందికి దిగి, ఆయాసపడుతూ, తన చేతులతోనే దిద్దింది. ఆరాక ఒక మధ్యాహ్నం ముట్టించారు. వంటమ్మాయి కళ్ళు తెరిచి, పప్పులోకి వంగి చూసింది.

అత్త బయటికొచ్చి ఎండలో గోడకు ఆనుకుని నిలబడింది. రేకుల పైన గొట్టంలోంచి పొగ సన్నగా లేచి, కొబ్బరాకుల మీదుగా కాలువ వైపు మళ్ళింది. తలెత్తి అది కనుమరుగయ్యేదాకా చూసింది.

"పో," అంది దానితో. "మళ్ళీ లోపలికి రాకు."