అద్దానికి అంటుకున్న రౌతులు

మొన్న మనవరాలు షికాగోలో మ్యూజియంకి తీసుకెళ్లింది. ఒక గదిలో, కత్తులు దూసుకున్న గుర్రపు రౌతుల బొమ్మ ముందు నేను కదలకుండా నిలబడిపోతే, "అమ్మమ్మా, ఆర్ యూ ఓకే? కాసేపు కూర్చుంటావా?" అని కంగారుపడింది. నూరేళ్ల కిందట జర్మనీలో రాగిరేకు మీద గీసి అచ్చు తీసిన అలాంటి బొమ్మే ఒకటి నా చేతుల్లో చిరిగిందని ఆ పిల్లకి అప్పటికప్పుడు ఏం చెప్పను?

మేము షికాగో పక్కనున్న అరోరా ఊరికి వచ్చిన కొత్తలో, నా ఇంగ్లీషు ఇంకా తడబడుతున్న రోజుల్లో, పటాలు కట్టే దుకాణంలో పనికి కుదిరాను. ఒకనాడు ఒక జర్మన్ ముసలావిడ ఇద్దరు రౌతులున్న ఆ పటాన్ని పాత దుప్పట్లో చుట్టి తెచ్చింది. ఎప్పుడో తడి తగిలి కాగితం అద్దానికి అంటుకుపోయింది. తండ్రి దేశం విడిచి వచ్చేటప్పుడు గోడ మీంచి తీసి చంకన పెట్టుకొచ్చిన ఒకే ఒక్క వస్తువట. నా చేయి నిదానమని యజమాని ఆ పని నాకప్పగించాడు.

పల్చటి రేకుతో, ఊపిరి బిగబట్టి, వెంట్రుకవాసి చొప్పున విడదీస్తూ మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. రౌతులిద్దరూ క్షేమంగా బయటపడ్డారు, ఇక గట్టెక్కాననుకుంటుండగా, కింది అంచు దగ్గర సన్నగా చప్పుడైంది. గోరంత ముక్క, ఒక గుర్రపు డెక్క, అద్దం మీదే ఉండిపోయింది.

చుట్టూ వేసే అట్ట కాస్త వెడల్పు చేస్తే కనపడదనీ, ఆవిడకి చెప్పనక్కర్లేదనీ అన్నాడు యజమాని. అలాగే చేశాను. నిజంగానే కనపడలేదు. కానీ మర్నాడు ఆవిడ వచ్చి, కళ్లజోడు సవరించుకుని చూసి, సంతోషం పట్టలేక నా చేయి నిమిరేసరికి నాకు ఉండబట్టలేదు. ఉద్యోగం పోతే పోయిందనుకున్నాను.

"ఇక్కడ చిరిగిందండీ. నా చేతిలోనే. అట్ట కింద దాచాం."

యజమాని మొహం కందగడ్డయింది. ఆవిడ అట్ట తీయించి, ఆ చిరుగుని వేలికొసతో తడిమింది.

"అట్ట చిన్నది చెయ్యి. చిరుగు కనపడనీ," అంది. "దీన్ని మా నాన్న తెచ్చాడు, నువ్వు విడిపించావు. రెండూ తెలియాలి."

యజమాని వారం పాటు నాతో మాట్లాడలేదు గానీ, పనిలోంచి తీసేయనూ లేదు.

ఇప్పుడు బొమ్మలన్నీ ఫోన్లలోనే ఉంటున్నాయి, ఒకటి పోతే పది దొరుకుతాయి. సుఖమే, కాదనను. కానీ పరాయివాళ్ల ఏకైక వస్తువును రెండు చేతుల్లోకి తీసుకుని వణికిన ఆ భయం మన ఈడువాళ్లతోనే పోతుందేమో. అది పీడ అనుకున్నాను అప్పట్లో. మన్నన అని తెలిసేసరికి ముసలిదాన్నయ్యాను.