ఉయ్యాల లెక్కలో ఒక రోజు

మా పెద్దనాన్న కొడుకు పులివెందులలో గృహప్రవేశం చేసినప్పుడు నన్ను రెండో పంక్తిలో కూర్చోబెట్టాడు. ఓలిగలు చల్లారిపోయాక, నెయ్యి అడుగంటాక. సాయంత్రం ప్రొద్దుటూరు చేరగానే ఆ తేదీని కంప్యూటర్‌లో ఎక్కించాను.

నేను పత్తి గిడ్డంగి ఆఫీసులో పని చేస్తాను. సరుకు వచ్చిన తేదీ ఒక గడిలో, పోయిన తేదీ పక్క గడిలో వేసి, రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే ఎన్ని రోజులైందో వస్తుంది. అదే పద్ధతిలో నాకు జరిగిన అవమానాలకు విడిగా ఒక షీటు పెట్టుకున్నాను. ఈనాటి తేదీ దానంతట అదే మారుతుంది కాబట్టి రోజులు వాటంతటవే పెరుగుతాయి. ఒకటే లోపం. ఏ రోజు అవమానం ఆ రోజే ఎక్కిస్తే సున్నా చూపిస్తుంది. కడుపు మండిపోతుంటే సున్నా ఏమిటి!

ఈమధ్య జమ్మలమడుగులో మా చెల్లెలికి ఆడపిల్ల పుట్టింది. రెండో కాన్పు కాబట్టి అత్తగారింట్లోనే. ఫోన్ చేసి చెప్పింది.

"ఇరవై ఒకటో నాడు బిడ్డను ఉయ్యాల్లో ఏస్తాండాం న్నా. మేనమామవి, ముందు నువ్వే ఏయాల."

"తేదీ ఏందో చెప్పు."

"దినమంతా కంప్యూటర్ ముందరే కూచుంటావే, ఆమాత్రం లెక్క చూసుకోలేవా?"

తేదీ చెప్పి ఉంటే ఏం పోయేది? సరే, చూసుకున్నాను. పుట్టింది గురువారం. తీసివేతలో ఇరవై ఒకటి వచ్చింది మళ్లీ గురువారమే. వెండి పట్టీలు, పట్టుగౌను కొని పెట్టుకున్నాను. బుధవారం పొద్దున పులివెందుల ఆయన మూడుసార్లు ఫోన్ చేశాడు. గృహప్రవేశం తర్వాత అతని ఫోన్ ఎత్తడం మానేశాను. మూడుసార్లూ కట్ చేశాను.

గురువారం మొదటి బస్సుకే జమ్మలమడుగు చేరాను. గుమ్మానికి కట్టిన మామిడాకులు వాడిపోయి ఉన్నాయి. చెల్లెలి అత్తగారు వసారాలో కూర్చుని వక్కలు కత్తిరిస్తోంది.

"ఏమప్పా, నిన్న రాకుండా ఈ పొద్దు వస్తివే?"

ఫోన్‌లో షీటు తెరిచి చూపించాను. "ఇరవై ఒకటి ఈ రోజే గదమ్మా."

"పుట్టిన దినం యాడ పోయింది?"

"అది మొదలు. దాని తర్వాతినుంచి గదా లెక్క."

"ఆ దినం బిడ్డ భూమ్మీద లేదా? పొద్దంతా ఏడ్చింది ఎవరు, నువ్వా?"

లోపల చెల్లెలు నవ్వాపుకోలేకపోతోంది. "పులివెందులన్న నీకు చేస్తానే ఉండె. మంచి గడియ దాటిపోతాంటే ఆయన్నే ఏయమంటిమి."

"మీ ఇంట్లో ఇంకో ఫోన్ లేదా?"

"నువ్వు ఎవరి ఫోన్ ఎత్తవో మాకు పట్టీ రాసిచ్చింటివా?"

రాసివ్వలేదు, నిజమే. పట్టీ అయితే ఉంది.

"ఉయ్యాల ఇంగా ఇప్పలేదు. రా, నువ్వూ ఏయి."

అంటే ఇక్కడా నాది రెండో పంక్తే. తిరిగి వెళ్లిపోదామనుకున్నాను. కానీ వెండి పట్టీలు జేబులో ఉన్నాయి, బిడ్డను అప్పటికే నా చేతుల్లో పెట్టేశారు. ఉయ్యాల్లో వేశాను. కన్ను కూడా తెరవలేదు. ముందురోజు ఆయన వేసినప్పుడు వీధి చివరిదాకా వినిపించేలా ఏడ్చిందట. ఈ తేడాను ఆ ఇంట్లో ఒక్కరూ పైకి అనలేదు. అదీ గుర్తుంది.

ఆ సాయంత్రం ప్రొద్దుటూరు వచ్చి షీటు తెరిచాను. ఆ పెద్దావిడ చెప్పినదాంట్లో న్యాయం ఉంది. మొదటి రోజును ఎందుకు వదలాలి? అన్ని వరుసల్లోనూ సూత్రం చివర ఒకటి కలిపాను. పులివెందుల గృహప్రవేశం ఒక్కసారిగా ఒక రోజు పెద్దదైంది. తర్వాత కొత్త వరుసలో జమ్మలమడుగు అని రాసి, ఆ రోజు తేదీ వేశాను.

ఈసారి సున్నా రాలేదు. ఒకటి అని చూపించింది. చాలా రోజుల తర్వాత ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది.