పైన ఒక్కటి చాలన్నాడు

చెరుకుపల్లి యోగానంద్‌కి డెబ్బై మూడేళ్ళు వచ్చాయి గానీ, తన కోసం తాను నోరు తెరిచి ఒక్క మాట అడగడం మాత్రం రాలేదు. అమెరికాలో, ఇల్లినాయ్ రాష్ట్రంలోని షామ్‌బర్గ్ తెలుగువాళ్ళలో ఆయన్ని ఎరగనివాళ్ళు తక్కువ. ఎవరింట్లో గృహప్రవేశమైనా కుర్చీలు మోసేది ఆయనే, ఎవరి పిల్లకి లెక్కలు రాకపోయినా కూర్చోబెట్టి చెప్పేది ఆయనే. ఫొటో తీసే వేళకి మాత్రం మనిషి కనిపించడు. వినయం మంచిదే, కాదనేదెవరు? ఉప్పు కూడా మంచిదే. అలాగని కూరలో గుప్పెడు పోస్తే ఎవరు తింటారు?

ముప్ఫై ఒక్క ఏళ్ళు వంతెనలు తనిఖీ చేసే ఇంజనీరుగా పనిచేశాడు. నడుముకి తాడు కట్టుకుని వంతెన కిందికి దిగేవాడు. తుప్పు పట్టిన దూలాల్ని సుత్తితో కొట్టి, ఆ చప్పుడు విని, ఇది ఐదేళ్ళకు మించి ఆగదని రిపోర్టు రాసేవాడు. రిపోర్టులు అల్మరాలోకి వెళ్ళేవి. ప్రమోషన్లు రెండుసార్లు ఆయన దగ్గర పని నేర్చుకున్న కుర్రాళ్ళకి వెళ్ళాయి.

"అడగనిదే అమ్మైనా పెట్టదంటారు, మీ బాస్ పెడతాడా?" అని భార్య జయంతి రెండుసార్లూ అంది.

"పని చూసి వాళ్ళకే తెలియాలి. మన డప్పు మనం కొట్టుకుంటే ఏం బావుంటుంది?" అని రెండుసార్లూ ఈయన అన్నాడు.

రిటైరై ఎనిమిదేళ్ళయ్యాక అధ్యక్ష ఎన్నికలకి పార్టీ తరఫున ఎవరు నిలబడాలో తేల్చే ప్రైమరీ పోటీ మొదలైంది. ఐదుగురు దిగారు. అందరికంటే వెనకబడ్డవాడు టోలివర్ అనే ఒక చిన్న రాష్ట్రపు మాజీ గవర్నర్. టీవీలో అతని పేరు వచ్చినప్పుడల్లా యాంకర్లు నవ్వు దాచుకునేవాళ్ళు. కానీ దేశంలో పాత వంతెనలు కూలడానికి సిద్ధంగా ఉన్నాయని పదేపదే చెప్పిన అభ్యర్థి అతనొక్కడే. యోగానంద్ ఉండబట్టలేక పదకొండు పేజీల ఉత్తరం రాశాడు. పది రోజులకి గవర్నరే ఫోన్ చేశాడు. ఏడో పేజీలో రాసిన దూలం గురించి గుచ్చిగుచ్చి అడిగాడు. తాను రాసింది చివరిదాకా చదివిన మనిషి ఒకడున్నాడని తెలిసి, యోగానంద్ ఆ రోజు అన్నం తింటూ కళ్ళు తుడుచుకున్నాడు.

ఆ తర్వాత నెలకి దియ వచ్చింది. స్నేహితుడి కూతురు, ఇక్కడే పుట్టింది, లాయరు. ఆ ప్రాంతంలో గవర్నర్ ప్రచారమంతా తనే చూస్తోంది.

"అంకుల్, మీరు డెలిగేట్‌గా నిలబడాలి. పార్టీ కన్వెన్షన్‌కి వెళ్ళి గవర్నర్‌కి ఓటేసే మనిషిగా," అంది.

"నేనా? ఎవరైనా పెద్దవాళ్ళని చూడమ్మా."

"పెద్దవాళ్ళు అందరూ ఆ ఫ్రంట్ రన్నర్ సైడ్ వెళ్ళారు. మేయర్స్, మాజీ షెరిఫ్, అందరు. మాకు ఎవరూ లేరు." వంటింటి బల్ల మీద నమూనా బ్యాలెట్ పరిచింది. "ఇది చూడండి. పైన ప్రెసిడెంట్‌కి పోటీ చేసేవాళ్ళ పేర్లు. అక్కడ వేసిన ఓట్ స్టేట్ మొత్తం కౌంట్. స్టేట్‌లో ఎవరు ఫస్ట్ వస్తే ఆ డెలిగేట్స్ అన్నీ వాళ్ళకే. మనం స్టేట్ గెలవం, అది తెలుసు. కానీ కింద చూడండి. మన డిస్ట్రిక్ట్‌కి త్రీ డెలిగేట్స్. మనుషుల పేర్లు ఉంటాయి, పక్కన ఎవరి తరఫున అని ఉంటుంది. ఎక్కువ ఓట్స్ వచ్చిన ముగ్గురు వెళ్తారు. పైన గవర్నర్‌కి ఎన్ని వచ్చినా, కింద మీ పేరుకి రాకపోతే మనకి జీరో."

"అంటే ఆయన్ని గెలిపించాలంటే నాకు వేయాలా?"

"అవును. మీకే వేయాలి. అది మీరు అడగాలి."

పేరున్న అభ్యర్థికి ప్రతి డిస్ట్రిక్ట్‌లోనూ ముగ్గురేసి పలుకుబడి ఉన్న మనుషులు దొరుకుతారు. టోలివర్‌కి రాష్ట్రంలో చాలాచోట్ల నిలబెట్టడానికి మనిషే లేడు. ఉన్నచోట కూడా బ్యాలెట్ ఎక్కడానికి కావలసిన ఓటర్ల సంతకాలు చాలక పేర్లు ఎగిరిపోయాయి. షామ్‌బర్గ్ డిస్ట్రిక్ట్‌లో వేసిన మూడు పేర్లలో రెండు అలాగే పోయి, యోగానంద్ ఒక్కడే మిగిలాడు. ఇల్లినాయ్‌లో ఒక్క డెలిగేట్ దక్కినా గవర్నర్ పోటీలో ఉంటాడు. ఒక్కడూ రాకపోతే విరాళాలిచ్చేవాళ్ళు ఆగిపోతారు, కథ అక్కడితో సరి. ఈ సంగతి దియ దాచకుండా చెప్పింది.

నిజానికి ఆయన పేరు బ్యాలెట్ దాకా రావడమే గొప్ప. సంతకాలు అడిగేటప్పుడు కాగితం మీద తన పేరున్నచోట బొటనవేలు అడ్డం పెట్టుకుని పట్టుకునేవాడట. జయంతి చూసి ఆ వేలు తీయించింది.

ఫిబ్రవరిలో ఫోన్లు మొదలుపెట్టాడు. నోట్‌బుక్‌లో రెండువందల అరవై మంది తెలుగువాళ్ళ నంబర్లు రాసుకున్నాడు. ఏం చెప్పాలో దియ ఒక కాగితం మీద టైప్ చేసి ఇచ్చింది. మొదటి ఫోన్ పాత స్నేహితుడు రాధాకృష్ణకి. గవర్నర్ గురించీ వంతెనల గురించీ చక్కగా చెప్పాడు. ఆఖరి వాక్యానికి వచ్చాడు. "కింద నా పేరు కూడా ఉంటుంది," అన్నాడు.

"ఓరి నీ... ఎన్నికల్లో దిగావట్రా? ఇంకేం, ఎమ్మెల్యే గారూ, దండలు ఎప్పుడు వేయమంటారు?" అని రాధాకృష్ణ ఫోన్‌లో పగలబడి నవ్వాడు.

పాపం, అతను ఏ చెడూ తలవలేదు. మనవాళ్ళ వేళాకోళమే అంత. కానీ యోగానంద్‌కి చెవులు వేడెక్కాయి. "అబ్బే, నాదేం లేదులే. పైన గవర్నర్‌కి వేయి, చాలు," అనేశాడు. తర్వాతి ఫోన్‌లో ఆఖరి వాక్యం చదవలేదు. ఆ తర్వాతి దాంట్లోనూ చదవలేదు. రెండువందల అరవై మందికీ అదే మాట చెప్పాడు. పైన ఒక్కటి చాలు. మొహమాటం మీద మనకో మోటు సామెత ఉంది, ఇక్కడ రాయడానికి బాగుండదు గానీ, ఆయన్ని పట్టుకుని ఆ సామెత చెప్పేవాళ్ళు ఆ రోజు ఒకరుంటే ఎంత బావుండేది.

దియ ప్రతి ఆదివారం అడిగేది. "అంకుల్, కింద మీ పేరు చెప్తున్నారు కదా?"

"చెప్తున్నానమ్మా."

ఆయన అబద్ధమాడే మనిషి కాదు. కానీ గవర్నర్ పేరు పక్కనే ఉంటుంది కదా, చూసినవాళ్ళు వాళ్ళే వేస్తారులే అని తనకి తాను సర్దిచెప్పుకున్నాడు. తుప్పు పట్టిన దూలాన్ని ఎన్నడూ అలా వదలని మనిషి, ఇక్కడ వదిలేశాడు.

మార్చిలో మంగళవారం పోలింగ్. బుధవారం ఉదయం దియ వచ్చేసరికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. రాష్ట్రంలో గవర్నర్ రెండోస్థానం, అంటే ఏమీ రాదు. కానీ షామ్‌బర్గ్ డిస్ట్రిక్ట్‌లో, ఎవరూ అనుకోనిది, పైన గవర్నర్‌కే అందరికంటే ఎక్కువ ఓట్లు పడ్డాయి. కింద మాత్రం ముగ్గురూ అవతలి వాళ్ళే గెలిచారు. యోగానంద్ నాలుగోవాడు. మూడోవాడికంటే నూట నలభై మూడు ఓట్లు తక్కువ.

"మీ పేరు చూసి స్కిప్ చేశారు అంకుల్. చెరుకుపల్లి అని చదవగానే ఆగిపోయారు. గవర్నర్‌కి వేసినవాళ్ళే మీకు వేయలేదు. ఇది ఎంత అన్‌ఫెయిర్..." అంది దియ.

మధ్యాహ్నం స్థానిక పత్రికవాళ్ళు ఫోన్ చేశారు. సాయంత్రానికి అదే సంగతి రాశారు, విదేశీ పేరు వల్ల ఓడిన పెద్దమనిషి అని. అలాంటి ఓట్లు ఉండే ఉంటాయి, లేవని ఎవరనగలరు. యోగానంద్ ఆ వార్త రెండుసార్లు చదివాడు. బాధపడ్డాడు. కాస్త తేలికపడ్డాడు కూడా, అబద్ధమెందుకు.

గురువారం రాధాకృష్ణ పులిహోర గిన్నె పట్టుకుని వచ్చాడు.

"ఎంత దారుణంరా. పేరు చూసి ఓటేయకపోవడమేంటి?" అంటూ సోఫాలో కూలబడ్డాడు. "మా ఇంట్లో నాలుగు ఓట్లూ మీ గవర్నర్‌కే. కోడలు వద్దన్నా నేనే డ్రైవ్ చేసి తీసుకెళ్ళాను."

"కింద?" అని జయంతి అడిగింది.

"కింద అంటే?" అంటూ యోగానంద్ వైపు తిరిగాడు రాధాకృష్ణ. "నీ పేరు చూశాన్రా, చూసి సంతోషపడ్డాను. కానీ పైన ఒక్కటి చాలన్నావు కదా. కింద కూడా పెడితే ఓటు చెల్లకుండా పోతుందేమోనని వదిలేశాం. మన సుబ్బారావు వాళ్ళు కూడా అడిగారు, యోగానంద్ పైన ఒక్కటే చెప్పాడని నేనే చెప్పాను."

రాధాకృష్ణ ఇద్దరి మొహాలూ చూసి, ఏదో తప్పు జరిగిందని తెలిసి, ఏం తప్పో తెలియక, పులిహోర చల్లారిపోతుందని చెప్పి వెళ్ళిపోయాడు.

యోగానంద్ నోట్‌బుక్ తెచ్చుకున్నాడు. నలభై మందికి ఫోన్ చేశాడు. ముప్ఫై ఏడుగురు అదే చెప్పారు, మీరు చెప్పినట్టే పైన ఒక్కటే పెట్టామని. కొందరు మెచ్చుకోలు కోసం ఆగారు కూడా. ఇంజనీరుకి ఆపాటి నమూనా చాలు. నలభై ఒకటో నంబరు నొక్కలేదు.

జయంతి ఎదురుగా వచ్చి కూర్చుంది. ఆవిడకి కోపం రావాల్సింది, రాలేదు.

"ఒక్క మాట అడుగుతాను, చెప్పండి. మీ ఓటు మీరు వేసుకున్నారా?"

ఆయన నోట్‌బుక్ మూశాడు. బూత్‌లో పెన్ను తన పేరు దాకా వెళ్ళింది. తన పేరుకి ఎదురుగా తానే గుర్తు పెట్టుకోవడం ఎలాగో అనిపించింది, ఎవరో వెనక నుంచి చూస్తున్నట్టు. ఒక్క ఓటుతో ఏమవుతుందిలే అని కాగితం యంత్రంలో వేసి వచ్చాడు. అదంతా చెప్పలేదు. తల అడ్డంగా ఊపాడు.

"అయ్యో," అంది జయంతి.

శుక్రవారం గవర్నర్ ఫోన్ చేశాడు. గొంతు అలిసిపోయి ఉంది.

"మిస్టర్ చెరుకుపల్లి, మీకు క్షమాపణ చెప్పుకోవాలి. మా పార్టీ వాళ్ళు మీ పేరు దాకా వచ్చి ఆగిపోయారు. నాకు సిగ్గుగా ఉంది. రేపటి ప్రసంగంలో ఆ మాట అందరి ముందూ చెప్తాను."

థాంక్యూ సర్ అంటే సరిపోయేది. దియ అదే నమ్ముతుంది, పత్రిక అదే రాసింది. ఊరంతా జాలిపడుతోంది.

"సర్, ఆ మాట చెప్పకండి," అన్నాడు యోగానంద్. "నా పేరు దగ్గర మొదట ఆగింది నేనే."

అంతా చెప్పాడు. ఫోన్లు, పైన ఒక్కటి చాలన్న మాట, దియకి చెప్పిన అబద్ధం, బూత్‌లో పెన్ను. తన గురించి తాను ఒక మనిషితో అంతసేపు మాట్లాడటం అదే మొదటిసారి.



"మీరు అడగలేకపోతే నాకు చెప్పాల్సింది," అన్నాడు గవర్నర్. "నేనే షామ్‌బర్గ్ వచ్చి, ఇంటింటికీ తిరిగి మీ పేరు అడిగేవాణ్ణి." అందులో కోపం లేదు, అదే యోగానంద్‌కి భరించరానిదైంది.

మర్నాడు పదింటికి గవర్నర్ పోటీ నుంచి తప్పుకుంటున్నట్టు టీవీలో ప్రకటించాడు. జయంతీ యోగానందూ పక్కపక్కన కూర్చుని చూశారు. యోగానంద్ కోరినట్టే గవర్నర్ పేరు సంగతి ఎత్తలేదు. కార్యకర్తలకి కృతజ్ఞతలు చెప్పాడు, గెలుస్తున్న అభ్యర్థికి మద్దతు ప్రకటించాడు, నాలుగు నిమిషాల్లో ముగించాడు. వంతెనల గురించి విలేకరులు ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.