తాత సైకిలు, కిటికీ గాలి

మా తాత రాడిసావ్ పీరోత్ అనే ఊళ్లో రొట్టెల బట్టీ నడిపి మానుకున్నాడు. ఏటా ఆకులు రాలే కాలంలో కొండమీది మఠం దాకా జరిగే పరుగు పందెంలో చివరగా చేరేది ఆయనే. అయినా ఒక్క ఏడూ మానలేదు. ఈసారి మోకాలు వాచింది.

"పరుగు ఆపి ఇంట్లో కదలని సైకిలు తొక్కు. మోకాలికి దెబ్బ తగలదు, దమ్మూ తగ్గదు. దాని తెర మీద నాడి అంకె ఎర్రబడిందా, ఇక కొండ ఊసెత్తకు" అన్నాడు డాక్టరు.

అప్పట్నుంచి తాతకు ఆ అంకె అంటే హడల్. బామ్మ స్టామెనాకు గాలంటే హడల్. చెమట పట్టిన వీపుకు గాలి తగిలితే మనిషి దక్కడని మా వాళ్లందరి నమ్మకం. అందుకే మండువేసవిలో కిటికీలన్నీ మూసి, తలుపు కింద తువ్వాలు కుక్కింది.

తాత మెల్లగానే తొక్కాడు. అయినా అంకె ఎర్రబడింది. ఆయన ముఖం పాలిపోయింది.

"నా గుండె పనైపోయిందే, స్టామెనా!"

"నోర్ముయ్, ముసలోడా!" అంటూనే బామ్మ గుండెల మీద శిలువ గుర్తు వేసుకుంది.

నాకూ భయమేసింది. ఊరికే నిలబడ్డ నాకే ఉక్కకి ఊపిరాడటం లేదు, తొక్కేవాడి గతేమిటని కిటికీ బార్లా తెరిచాను.

"తాతని చంపేస్తావే పిశాచీ!" అని అరిచింది బామ్మ.

గాలి ఆడిన కాసేపటికి అంకె దిగి ఆకుపచ్చగా మారింది. తాత మాత్రం నవ్వలేదు.

"ఆ ఉన్ని శాలువా ఇలా పడెయ్."

దాన్ని మెడకూ వీపుకూ చుట్టుకుని మళ్లీ తొక్కాడు. అంకె వైపు చూడనే లేదు. బిక్కుబిక్కుమంటూ కిటికీ వైపే చూశాడు.