నల్లిబొక్క మింగిన పన్ను

ఖమ్మంలో ఆ పళ్ల డాక్టరు గదిలో అడుగుపెట్టగానే లవంగనూనె వాసనా, దాని కింద ఎవరిదో కుళ్లిన దవడ వాసనా కలిసి నా ముక్కు పట్టుకుని పిండాయి. తొంభైల మొదట్లో సంగతి. అన్నంలో వచ్చిన రాయి నా ముందుపన్ను మూల చెక్కేసింది. నవ్వితే నా నోరు తలుపూడిన బొగ్గుబావిలా ఉండేది. దసరాకేమో కల్లూరులో అత్తారింట కొత్త అల్లుడి విందు.

బల్ల మీద గాజుగ్లాసులో ఎవరివో కట్టుడుపళ్లు మురికినీళ్లలో తేలుతూ నన్ను చూసి ఇకిలిస్తున్నాయి. పక్కనే, అచ్చం అలాంటి గ్లాసులోనే, డాక్టరు గారి టీ. ఆయన చూడకుండా చెయ్యి చాచినప్పుడల్లా నా పేగులు గొంతులోకొచ్చి తొంగిచూసేవి.

"క్యాపంటే పన్నును చుట్టూ అరగదీసి టోపీ తొడుగుత. గట్టిగుంటది. వెనీరంటే ముంగట జర గీకి పింగాణీ పెంకు అతికిస్త. చూడ ముచ్చటగుంటది గని, బొక్కలు కొరకొద్దు."

"టోపీ వద్దయ్యా," అంది పక్కనే కూర్చున్న మా ఆవిడ. "మా చిన్నాయన పెట్టించుకున్నడు. నవ్వితే పండ్ల నడుమ స్టీలు గిన్నె బోర్లించినట్టుంటది."

పెంకే అతికించుకున్నాను.

దసరా నాడు మా మామ నల్లిబొక్క, అదే మూలుగుండే మేక ఎముక, తెచ్చి నా విస్తట్లో వేశాడు. కొత్త అల్లుడు దాన్ని కొరికి మూలుగ జుర్రితే గాని ఆ ఇంట్లో ఎవరూ ముద్ద కలపరు. ఊరంత పంక్తి, కళ్లన్నీ నా పన్ను మీదే. మెల్లగా చప్పరించాను.

"ఏంది అల్లుడా, ముద్దు పెడుతున్నవా? కొరుకు జల్దీ!"

పక్కపళ్లతో కొరకబోయాను. జిడ్డు బొక్క జారి తిరిగింది. టక్కుమంది. పెంకు పోయి మూలుగలో కూరుకుంది. వేలు పెట్టి తీసేలోపే, ఎంగిలి పట్టింపు లేని మా మామ బొక్క లాక్కుని, మీసాల నిండా కొవ్వు కారుతుండగా జుర్రున పీల్చి కరకర నమిలాడు.

"లేత మేక! బొక్క గూడ నమిలిన సూడుండ్రి!"

పంక్తి పంక్తంతా మెచ్చుకుంది. నేనైతే పండగంతా నోరు తెరవలేదు. అల్లుడికి ఎంత బిడియమో అని ఆడవాళ్లు మురిసిపోయారు.

తెల్లారి మామ చెంబు పట్టుకుని చేల వైపు బయల్దేరాడు. మా ఆవిడ నా చెవిలో గుసగుసలాడింది:

"ఎనకాల పోయి చూస్తవా? దొరికితే కడిగిద్దం, డాక్టరు మల్ల అతికిస్తడేమో."

"టోపీయే పెట్టించుకుంట," అన్నాను, నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని.