హంగేరియన్‌లో గొర్రెల లెక్క

పాలమూరులో హంగేరియన్ నేర్పుతానని బోర్డు పెట్టిన రోజు నుంచి నాకు బీపీ తగ్గలేదు. పశువుల మేత గురించి చదువుకోవడానికి హంగేరీ వెళ్లి, అక్కడే కొన్నేళ్లు పనిచేసి వచ్చినదాన్ని. ఇక్కడికొచ్చాక ఆ భాషలో మాట్లాడేందుకు మనిషే లేడు. ఒకరోజు మార్కెట్లో ఉల్లిగడ్డను హంగేరియన్‌లో ఏమంటారో ఎంతకీ గుర్తురాక, కూరగాయల సంచి పట్టుకుని అక్కడే ఏడ్చేశాను. భాష చేజారిపోతోందని భయమేసి, ఒక మేడ మీది గది కిరాయికి తీసుకుని క్లాసు మొదలుపెట్టాను.

వచ్చినవాళ్లకు భాష ఎవరికి కావాలి, నా ఖర్మ కాకపోతే! "మేడం, వీసా ఇంటర్వ్యూల ఏమడుగుతరో గదే చెప్పుండ్రి, బట్టీ కొడతం" అనేవాళ్లు. ప్రశ్నల వరస మారిస్తే చాలు, ఊరు అడిగితే పేరు చెప్పేవాళ్లు. అర్థమైందా అంటే అందరూ గంగిరెద్దుల్లా తలలూపేవాళ్లు. "గిదెందుకు మేడం, జర్మన్ వెట్టరాదుండ్రి" అని సలహాలు వేరే. ఒక్కొక్కరే జారుకుని చివరికి ఒక్క అమ్మాయి మిగిలింది.

గొర్రెలు కాసుకునే ఇంటి పిల్ల. గొర్రెల పెంపకం మీద హంగేరీలో ఒక కోర్సు ఉంది, చదువంతా హంగేరియన్‌లోనే. వీడియోలో మాట్లాడి మెప్పిస్తేనే సీటు, అదీ ఒక్కసారే అవకాశం. ఈ పిల్లకు సీటు రాకపోతే బోర్డు పీకేస్తానని ఒట్టు పెట్టుకున్నాను. పిల్లకు తోడుగా వాళ్లమ్మ వచ్చేది. గడప దగ్గర కూర్చుని, క్లాసు అయ్యేదాకా తలెత్తకుండా గొంగడి కోసం ఉన్ని వడికేది.

పిల్ల చురుకైనదే. ఒక్క ప్రశ్న దగ్గరే నా తల ప్రాణం తోకకొచ్చింది. మీకు ఎన్ని గొర్రెలున్నాయి? గొర్రెల కోర్సులో మొదట అడిగేది అదే కదా!

"ఉన్నయి మేడం."

"ఉన్నయని నాకు తెల్వదా? ఎన్ని?"

పిల్ల తల దించుకుంది. గడప దగ్గర నుంచి తల్లి అందుకుంది. "మందను లెక్కవెట్టి చెప్పొద్దు మేడం. నోటితోని చెప్తే దిష్టి తగుల్తది. మంద నిలువది."

"అయితే అబద్ధం చెప్పు. పది అను!" అన్నాను.

పిల్ల అదిరిపడింది. "అమ్మో! పదంటే పదే మిగుల్తయి మేడం!"

నెత్తి కొట్టుకున్నాను. బతిమాలాను, కసిరాను, బెదిరించాను. ఆ దేశపు భాషలో నోరు తిరగని మాటలూ, అంకెలూ అన్నీ పలికిన పిల్ల, ఆ ఒక్క లెక్క మాత్రం పలకదు. ఈ తల్లీకూతుళ్లతో వేగలేక, ఆ ప్రశ్న రాకూడదని దేవుడికి మొక్కుకున్నాను.

వచ్చింది. ఇంటర్వ్యూ నా గదిలోనే జరిగింది. తెర మీద ఒక ముసలాయన, బల్ల ముందు పిల్ల, తెరకు కనపడకుండా మూలన నేను, గడప దగ్గర తల్లి. పేరు, ఊరు, మేత, జబ్బులు, అన్నీ బాగానే చెప్పింది. అప్పుడాయన నవ్వుతూ అడిగాడు, మీకు ఎన్ని గొర్రెలున్నాయని.

పిల్ల నోరు మూతపడింది. ఆయన మళ్లీ అడిగాడు. పిల్ల కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి. చెప్పవే, నీ కాళ్లు మొక్కుతానని లోపల్లోపల అరుస్తున్నాను. ఆయన పక్కనున్న కాగితం వైపు చూశాడు, ఇక ముగిద్దామన్నట్టు.

గడప దగ్గర నుంచి ఒక అంకె వినిపించింది. స్పష్టమైన హంగేరియన్‌లో.

తల్లి! చేతిలో ఉన్ని అట్లాగే ఉంది. ముఖం పాలిపోయింది.

ఎవరు మాట్లాడారని ఆయన అడిగాడు. "మా అమ్మ" అంది పిల్ల. ఆ తర్వాత, నేను నేర్పని మాటలు వాటంతటవే వచ్చాయి. మా దగ్గర మందను లెక్కపెట్టి చెప్పరని, సాయంత్రం మంద తిరిగొస్తుంటే అమ్మ నిలబడి ముఖాలు చూస్తుందని, ఏ ముఖం రాలేదో ఆమెకు తెలిసిపోతుందని చెప్పింది. "ఇప్పుడు నా కోసం చెప్పింది" అంది. తప్పులు బోలెడు. ఆయన కాగితం పక్కన పెట్టేసి, ముఖాలు ఎలా గుర్తుపడతారని అడిగాడు. ఇద్దరూ ఎంతసేపు మాట్లాడుకున్నారో! నా క్లాసులో అంత మాట్లాడిన మనిషి లేడు.

తెర ఆరిపోగానే తల్లి నా మీద పడింది. "మందకేమన్నయితే నీ ఇంటిముందట కూసుంట మేడం!"

"అక్కా, నువ్వెప్పుడు నేర్చుకున్నవ్?"

"రోజూ నువ్వు గట్ల మొత్తుకుంటుంటే చెవులు మూసుకుంటనా?"

సీటు వచ్చింది. ఆ కబురు చెప్పడానికి తల్లి ఒక్కతే మెట్లెక్కి వచ్చింది. నాకు మాత్రం మంద మీదే బెంగ.

"మంద మంచిగున్నదా అక్కా? ఎన్నున్నయి?"

"ఉన్నయి" అంది పైకప్పు చూస్తూ.

ఈసారి అదే మాట హంగేరియన్‌లో అడిగాను. ఆమె మెట్ల వైపు చూసి, ఎవరూ లేరని నమ్మకం కుదిరాక నా చెవి దగ్గరకు వంగింది. హంగేరియన్‌లోనే చెప్పింది. ఆ అంకె ఇక్కడ రాయను. ఇంటర్వ్యూ రోజు చెప్పినదాని కంటే ఒకటి ఎక్కువ.